క్యాన్సర్ మెదడుకు పాకే ముప్పు ఎవరికి ఎక్కువ?

క్యాన్సర్ అని తేలిన రోజున రోగి బంధువులు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే వరుసలో ఉంటాయి. నయమవుతుందా? ఎంత ఖర్చవుతుంది? ఎన్నాళ్లు తిరగాలి? ఆ తరువాత గొంతు తగ్గించి, రోగికి వినబడకుండా, "ఇది తలకు ఎక్కుతుందా అండీ?" అని అడుగుతారు. ఎవరో చుట్టాలావిడకు రొమ్ములో గడ్డ తీసేశాక రెండేళ్లకు ఫిట్స్ వచ్చాయని, పక్క వీధిలో ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలియకముందే మాట పడిపోయిందని చెబుతారు. విన్న కథలు వారి మనసులో ఉంటాయి.

ఈ సంచికలో ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలనుకున్నాము. క్యాన్సర్ మెదడుకు పాకే ముప్పు అందరికీ ఒకేలా ఉండదు. కొన్ని క్యాన్సర్లలో చాలా ఎక్కువ. కొన్నింటిలో లేదన్నంత తక్కువ. అది ఎవరికి ఎంత అన్నది చాలావరకు మీ చేతిలో ఉన్న ముక్క పరీక్ష కాగితం మీదనే రాసి ఉంటుంది. దురదృష్టం ఏమంటే, ఆ కాగితాన్ని ఇంట్లో బీరువాలో పెట్టి, స్కానింగు ఫిల్ములు మాత్రం పట్టుకుని వచ్చేవారే ఎక్కువ.

ఇంకో మాట మొదటే చెప్పాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడులోకి పాకితే అది "మెదడు క్యాన్సర్" కాదు. మెదడులో ఉన్న ఊపిరితిత్తుల క్యాన్సరే. రొమ్ము క్యాన్సర్ అయినా అంతే. మందులు కూడా మొదట పుట్టిన చోటును బట్టే ఎంచుకుంటారు. ఒక మనిషికి రెండు క్యాన్సర్లు వచ్చాయని ఊళ్లో చెప్పుకునే మాటల్లో చాలావాటికి అసలు సంగతి ఇదే.

గుర్రపు డెక్క కథ

మన డెల్టాలో కాలువ గట్టున బ్రతికిన వారికి గుర్రపు డెక్క గురించి ఎవరూ చెప్పక్కరలేదు. ఎక్కడో ఎగువన చెరువులో పుట్టిన మొక్క, ఒక చిన్న ముక్క తెగి నీటిలో పడితే చాలు, మైళ్ల దూరం కొట్టుకుపోతుంది. వెడల్పాటి కాలువలో ఎక్కడా ఆగదు. లాకుల దగ్గర, తూముల దగ్గర, పంట బోదె సన్నబడే చోట చిక్కుకుంటుంది. అక్కడ నీరు నిలిచి, దానికి నచ్చితే, నెల తిరిగేసరికి బోదె అంతా అదే.

క్యాన్సర్ కణాలు రక్తంలో పడి చేసే ప్రయాణం కూడా ఇంచుమించు ఇదే. శరీరం బరువులో మెదడు రెండు శాతమే అయినా, గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దానికే వెళ్తుంది. అంత రక్తం వెళ్లే చోటికి కొట్టుకొచ్చే కణాలు కూడా వెళ్తాయి. మెదడు పైపొరకు, దాని కింది తెల్లని భాగానికి మధ్య రక్తనాళాలు ఒక్కసారిగా సన్నబడతాయి. ఎక్కువగా కణాలు చిక్కుకునేది అక్కడే. అందుకే మెదడుకు పాకిన గడ్డల్లో సుమారు 80 శాతం పెద్ద మెదడులో, 15 శాతం వెనకనున్న చిన్న మెదడులో కనబడతాయి.

శరీరం నలుమూలల నుంచి వచ్చే చెడు రక్తం ముందు ఊపిరితిత్తుల గుండా వెళ్లి, శుభ్రపడి, గుండె ఎడమ భాగానికి చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. అంటే రొమ్ములోనో, పేగులోనో తెగిన కణం మెదడుకు చేరాలంటే ముందు ఊపిరితిత్తులనే జల్లెడ దాటాలి. ఊపిరితిత్తిలోనే పుట్టిన క్యాన్సరుకు ఆ జల్లెడ అడ్డం లేదు. ఎక్కిన బండి నేరుగా గుండెకు, గుండె నుంచి తలకు. మెదడుకు పాకే క్యాన్సర్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మొదటి స్థానంలో ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణం.

అయితే రక్తంలో కొట్టుకొచ్చిన ప్రతి కణమూ మొలవదు. 1889లో స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లీషు వైద్యుడు రొమ్ము క్యాన్సరుతో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి, ఇది వట్టి ప్రవాహం పని కాదు, విత్తనానికి తగిన నేల కూడా ఉండాలి అన్నాడు. కడియం నర్సరీల నుంచి మొక్కలు దేశమంతా వెళ్తాయి, అన్నీ అన్నిచోట్లా బ్రతకవు కదా. మెదడు అనే నేల కొన్ని క్యాన్సర్లకే పడుతుంది. అవేవో ఇప్పుడు చూద్దాం.

ఏ క్యాన్సరుకు ఎంత ముప్పు

ఊపిరితిత్తుల క్యాన్సరులో "స్మాల్ సెల్" అనే రకం అన్నిటికంటే తొందరపాటుది. ఇది దాదాపుగా పొగతాగే వారి జబ్బు. జబ్బు తెలిసే నాటికే పది మందిలో ఒకరికి లేదా ఇద్దరికి మెదడులో మచ్చలు ఉంటాయి. రెండేళ్లు గడిచేసరికి సగం మందికి పైగా వస్తాయి. ఇంత తరచుగా వస్తుంది గనుకనే, మందులకు బాగా లొంగిన వారికి, మెదడులో ఏమీ కనబడకపోయినా ముందు జాగ్రత్తగా తలకు కరెంటు పెట్టే పద్ధతి వచ్చింది. 1999లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 987 మంది వివరాలు కలిపి చూశారు. కరెంటు పెట్టనివారిలో మూడేళ్లలో 58.6 శాతం మందికి మెదడుకు పాకగా, పెట్టినవారిలో అది 33.3 శాతానికి తగ్గింది. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. బాగా అందుబాటులోకి వచ్చాక, కొందరికి కరెంటు బదులు కొన్ని నెలలకొకసారి ఎం.ఆర్.ఐ. తీసి కనిపెట్టుకుని ఉండటం కూడా వైద్యులు సూచిస్తున్నారు. తలకు కరెంటు పెడితే కొందరిలో జ్ఞాపకశక్తి తగ్గుతుంది, ఆలోచించి నిర్ణయించాల్సిన విషయం అది.

స్మాల్ సెల్ కాని మిగతా ఊపిరితిత్తుల క్యాన్సర్లలో "ఎడినో కార్సినోమా" అని రాసి ఉంటే కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. చుట్ట, బీడీ ముట్టని ఆడవారికి కూడా వచ్చేది ఎక్కువగా ఇదే. మన దేశంలో ఈ రకం ఉన్నవారిలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు ఈ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యు మార్పు కనబడుతుంది. అంతకంటే తక్కువ మందిలో ఏ.ఎల్.కె. అనే మార్పు ఉంటుంది. ఈ రెండు మార్పులు ఉన్న గడ్డలు మెదడువైపు మొగ్గు చూపుతాయి. ఏ.ఎల్.కె. ఉన్నవారిలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు మెదడులో మచ్చలు వస్తాయి. అయితే ఇందులో మంచి వార్త కూడా ఉంది. మెదడులోకి బాగా చేరే మాత్రలు ఉన్నది కూడా వీరికే. ఓసిమెర్టినిబ్, అలెక్టినిబ్, లోర్లాటినిబ్ వంటి మాత్రలతో మెదడులోని గడ్డలు కరిగిపోయి, ఏళ్ల తరబడి తమ పనులు తాము చేసుకుంటున్నవారు ఉన్నారు. కాబట్టి జన్యు పరీక్ష చేయిద్దాం అని వైద్యులు అంటే, "ఇంకా పరీక్షలేనా" అని విసుక్కోవద్దు.

రొమ్ము క్యాన్సర్ సంగతి మా పాఠక సోదరీమణులు కొంచెం నిదానంగా చదవాలి. తొలి దశలో, అంటే గడ్డ చిన్నగా, చంకలో బిళ్లలు లేకుండా ఉన్నప్పుడు కనిపెట్టి వైద్యం పూర్తి చేసుకున్నవారిలో మెదడుకు పాకే అవకాశం చాలా తక్కువ. ముప్పు ఎక్కువగా ఉండేది జబ్బు అప్పటికే లివరుకో, ఊపిరితిత్తులకో, ఎముకలకో పాకినవారికి. అందులోనూ రకాన్ని బట్టి తేడా ఉంటుంది. ముక్క పరీక్ష కాగితం మీద ఈ.ఆర్., పి.ఆర్., హెర్-2 అని మూడు మాటలు ఉంటాయి. హెర్-2 పాజిటివ్ ఉండి, జబ్బు శరీరంలో పాకినవారిలో సగం మంది వరకు, మూడూ నెగెటివ్ ఉన్న "ట్రిపుల్ నెగెటివ్" రకంలో సుమారు మూడో వంతుకు మెదడులో రావచ్చు. హార్మోను పాజిటివ్ రకంలో ఇది తక్కువ, వచ్చినా చాలా ఆలస్యంగా రావచ్చు. చిన్న వయసులో వచ్చిన క్యాన్సర్, పెద్ద గడ్డ, చంకలో చాలా బిళ్లలు ఉండటం, ఇవి కూడా ముప్పును పెంచేవే.

ఇవి కాక కిడ్నీ క్యాన్సర్, మెలనోమా అనే నల్లమచ్చ క్యాన్సర్ మెదడుకు పాకే వాటిలో ఉన్నాయి. మెలనోమా మన చర్మరంగు వారిలో అరుదు. వస్తే ఎక్కువగా అరికాలిలో, గోటి కింద వస్తుంది. చేలో చెప్పులు లేకుండా తిరిగేవారు అరికాలిలో పెరిగే నల్లమచ్చను ముల్లు గుచ్చుకున్నదనుకుని వదిలేయకండి.

మరి మన వైపు ఎక్కువగా చూసే నోటి క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్? ఇక్కడ మేము కొంత ధైర్యం చెప్పగలము. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మెదడుకు పాకడం నూటికి ఒకరికి అటూ ఇటూ. నోటి క్యాన్సర్ మెడ బిళ్లలకు పాకుతుంది, పక్కనున్న ఎముకను తింటుంది, కానీ రక్తం ద్వారా మెదడుకు వెళ్లడం అరుదు. పెద్దపేగు క్యాన్సరులో కూడా నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. ఈ జబ్బులు ఉన్నవారు రోజూ వచ్చే తలనొప్పికల్లా "తలకు ఎక్కింది" అని నిద్ర మానుకోనక్కరలేదు.

గర్భంతో వచ్చే ఒక అరుదైన క్యాన్సర్

పెద్దగా ఎవరూ మాట్లాడని ఒక జబ్బు గురించి ఇక్కడ చెప్పాలి. ముత్యాల గర్భం అని మన పెద్దలు అంటారు. బిడ్డ బదులు ద్రాక్షగుత్తుల్లా బుడగలు పెరుగుతాయి. దాన్ని శుభ్రం చేశాక చాలామందికి ఏమీ కాదు. కొద్దిమందిలో మాత్రం అది కోరియో కార్సినోమా అనే క్యాన్సరుగా మారుతుంది. ఒక్కోసారి మామూలు కాన్పు తరువాత, గర్భస్రావం తరువాత కూడా రావచ్చు. ఇది రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయే జబ్బు. ముందు ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. కాన్పయిన కొన్ని నెలలకు ఆగని రక్తస్రావం, దగ్గులో రక్తం, ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చిన యువతికి వెంటనే గర్భ పరీక్ష చేయాలి. హెచ్.సి.జి. అనే హార్మోను ఎక్కువగా ఉంటే ఈ జబ్బును అనుమానించాలి.

మెదడుకు పాకినా మందులతో పూర్తిగా నయమయ్యే అవకాశం ఉన్న కొద్ది క్యాన్సర్లలో ఇది ఒకటి. అందుకే ముత్యాల గర్భం శుభ్రం చేయించుకున్నవారు వైద్యులు చెప్పినన్నాళ్లు రక్త పరీక్షకు రావాలి. "బాగానే ఉన్నాను కదా, అత్తగారు పంపలేదు" అని మానేయకూడదు. అత్తగార్లు కూడా ఈ పేరా చదవాలని మా కోరిక.

భీమవరంలో పుట్టిన వైద్యుని మందు

పైన చెప్పిన కోరియో కార్సినోమాను 1956లో అమెరికాలో మొదటిసారి మందుతో నయం చేశారు. ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. ఈ మందు వెనక మన గోదావరి జిల్లా బిడ్డ ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు. తండ్రిని పోగొట్టుకుని, అన్నదమ్ములను జబ్బు తినేస్తే, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారి సాయంతో అమెరికా చేరారు. లెడర్లే కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి జబ్బు తాత్కాలికంగా తగ్గింది. 1948 జూన్లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే కన్నుమూశారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు.

ఈ కథ మన విషయానికి ఎందుకంటే, మెదడు ఎలాంటి కోటలో ఉంటుందో వైద్యలోకానికి బాగా అర్థమైంది ఆ పిల్లల వల్లనే. కొత్త మందులతో రక్తంలో జబ్బు పోయేది. పిల్లవాడు ఆడుకునేవాడు. కొన్ని నెలలకు తలనొప్పి, వాంతులు మొదలయ్యేవి. చూస్తే మెదడు పొరల్లో జబ్బు దాక్కుని ఉండేది. మెదడుకు వైద్యం చేయని రోజుల్లో ఇలా సగానికి పైగా పిల్లలకు తిరగబెట్టేది. కారణం ఏమంటే, మెదడు రక్తనాళాల గోడలు మిగతా శరీరంలో లాగా ఉండవు. ఇటుకకు ఇటుక అతికించినట్టు బిగుతుగా ఉండి, రక్తంలోని మందులను చాలావాటిని లోపలికి రానివ్వవు. విషాల నుంచి కాపాడే ఆ గోడే, లోపల దాక్కున్న క్యాన్సరును కూడా కాపాడుతుంది. అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి వైద్యులు 1960లలో వెన్నులోంచి నేరుగా మెథోట్రెక్సేట్ ఇచ్చి, తలకు కరెంటు పెట్టి, ఆ పిల్లలలో సగం మందిని పూర్తిగా నయం చేయగలిగారు. నేడు రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు వెన్నులో ఇచ్చే సూది ఆ దారిలో వచ్చినదే. ఆ సూదిని చూసి భయపడి పిల్లవాడిని ఇంటికి తీసుకుపోయే తల్లిదండ్రులకు మేము ఈ సంగతే చెబుతాము. ఇది మెదడులో జబ్బు దాగకుండా వేసే తాళం, దీన్ని వదిలేస్తే మిగతా మందులన్నీ వాడినా జబ్బు తిరగబెట్టవచ్చు.

హెర్-2 రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ సూది కూడా శరీరంలో బాగా పనిచేసి, మెదడు గోడ దగ్గర చాలావరకు ఆగిపోతుంది. ఆ మందు వచ్చాక రోగులు ఎక్కువ కాలం బ్రతుకుతున్నారు, ఆ కాలంలోనే కొందరికి మెదడులో జబ్బు బయటపడుతోంది. ఇది మందు చేసిన కీడు కాదు.

ముప్పు కానివి

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న వార్త వచ్చి, వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత నీళ్లు, గాలి, పురుగుమందులు అంటూ ఎన్నో మాటలు వచ్చాయి. క్యాన్సర్ పుట్టడానికి కారణాలు వేరు, పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకడానికి కారణాలు వేరు అని ఇక్కడ గుర్తుంచుకోవాలి. రెండోదాన్ని నిర్ణయించేది ప్రధానంగా ఆ గడ్డ రకం, దశ, దాని లోపలి జన్యు గుణం.

ముక్క తీస్తే పాకుతుందట, కత్తి తగిలితే తలకు ఎక్కుతుందట అన్న మాట మన డెల్టాలో ప్రతి ఊరిలో ఉంది. ముక్క పరీక్ష వల్ల క్యాన్సర్ మెదడుకు పాకుతుందనడానికి ఆధారం లేదు. ఆ భయంతో ఆరు నెలలు నాటుమందు వాడి వచ్చినవారిలో పాకి ఉండటాన్ని మాత్రం మేము తరచూ చూస్తున్నాము. అలాగే మాంసం తినడం, తలస్నానం, సెల్‌ఫోను, మంచం మీద నుంచి పడటం, బాగా ఏడవడం, ఇవేవీ క్యాన్సరును మెదడుకు తీసుకెళ్లవు. "ఏ పాపం చేశామని" అని అడిగే తల్లులు కూడా ఉంటారు. రక్తనాళంలో కొట్టుకుపోయే కణానికి ఎవరి పాపపుణ్యాలూ తెలియవు అమ్మా, అని చెబుతాము.

మీ చేతిలో ఉన్నవి రెండే రెండు. ఒకటి తొందరగా రావడం. రెండోది పొగాకు. గోదావరి లంకల్లో పండే పొగాకు చుట్టలకు పేరుమోసినది, దాని మీద బ్రతికే కుటుంబాలు ఉన్నాయని మాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తెలిశాక "ఇంక మానేసి ఏం లాభం" అనే పెద్దలకు రష్యాలో జరిగిన ఒక పరిశోధన చూపిస్తాము. 2021లో అచ్చయింది. తొలి దశల్లో ఉండి, జబ్బు తెలిశాక పొగ మానినవారు సగటున 6.6 సంవత్సరాలు, మాననివారు 4.8 సంవత్సరాలు బ్రతికారు. దాదాపు రెండేళ్లు తేడా. అంత లాభం ఇచ్చే మందులు చాలా లేవు, ఉన్నవాటి ధర మీకు తెలుసు.

ఎప్పుడు అనుమానించాలి

తెల్లవారుజామున లేపే తలనొప్పి, దానితో వాంతులు, వాంతి అయ్యాక కొంచెం తేలిక. ఇదివరకు ఎప్పుడూ లేని ఫిట్స్. ఒక చేయి గానీ, కాలు గానీ పట్టు తప్పడం. కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోవడం. నడకలో తూలడం. మాట తడబడటం, తెలిసిన మనిషి పేరు నోటికి రాకపోవడం. ఒక పక్క చూపు మసకబారడం. ఎప్పుడూ లెక్కలు చూసుకునే మనిషి డబ్బు సంగతి పట్టించుకోకపోవడం, శాంతంగా ఉండేవారు ఊరికే కసురుకోవడం. ఈ చివరిది ఇంట్లోవారు మాత్రమే కనిపెట్టగలరు.

మన వైపు తలనొప్పి, వాంతులు పైత్యం ఖాతాలోకి, ఫిట్స్ గాలి సోకిన ఖాతాలోకి, చేయి కాలు పడిపోవడం పక్షవాతం ఖాతాలోకి వెళ్లిపోతాయి. పసరు తాగించి, తాయెత్తు కట్టించి, పావురం రక్తం రాయించి నెల గడిపేస్తారు. క్యాన్సర్ వైద్యం చేయించుకున్నవారు, అది పదేళ్ల క్రితమైనా సరే, ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి వచ్చినా "నాకు ఫలానా సంవత్సరంలో ఫలానా క్యాన్సరుకు వైద్యం జరిగింది" అని వైద్యునికి మొదటి మాటగా చెప్పాలి. మీరు చెప్పకపోతే ఆయనకు తెలియదు.

లక్షణాలు లేనివారందరికీ తల స్కానింగు అవసరం లేదు. స్మాల్ సెల్ రకం వారికి, ముదిరిన దశలో ఉన్న ఇతర ఊపిరితిత్తుల క్యాన్సర్ వారికి, ముదిరిన మెలనోమాకు మొదట్లోనే ఎం.ఆర్.ఐ. తీస్తారు. తొలి దశ రొమ్ము క్యాన్సరులో లక్షణాలు లేకుండా తీయించడం డబ్బు దండగ. తీయవలసి వస్తే మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. మేలు, చిన్న మచ్చలు సి.టి. స్కానింగులో తప్పిపోతాయి.

ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి ఇదే. క్యాన్సర్ ఉన్న మనిషి మెదడులో మచ్చ కనబడగానే అంతా అయిపోయిందనుకుని మంచం వాకిట్లోకి మార్చేసే కుటుంబాలు ఉన్నాయి. 1990లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. క్యాన్సర్ ఉండి, మెదడులో ఒకే గడ్డ ఉన్న 54 మందిని చూస్తే, వారిలో ఆరుగురికి అది అసలు క్యాన్సరే కాదని ముక్క పరీక్షలో తేలింది. అమెరికాలోనే అలా ఉంటే, టి.బి. ఇంత ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇంకెంత జాగ్రత్త కావాలి? టి.బి. గడ్డ, శుభ్రత లేని కూరగాయల ద్వారా వ్యాపించే బద్దెపురుగు తిత్తి, చీము గడ్డ కూడా స్కానింగులో ఉంగరం ఆకారంలోనే కనబడతాయి. వీటికి వైద్యం ఉంది. అనుమానం ఉన్నచోట ముక్క తీసి చూడాలి.

దీనికి తిరగబడిన పొరపాటు కూడా జరుగుతుంది. ఊపిరితిత్తిలో నీడను చూసి, కళ్లె పరీక్ష చేయకుండానే టి.బి. మందులు మొదలుపెట్టి నెలలు గడిపేస్తారు. తీరా చూస్తే అది క్యాన్సర్, ఈలోగా తలకు చేరి ఉంటుంది. టి.బి. మందులు రెండు నెలలు వాడినా దగ్గు తగ్గక బరువు పడిపోతుంటే మళ్లీ పరీక్ష చేయమని అడగండి. అడగటంలో తప్పు లేదు.

ఒకవేళ నిజంగా పాకితే

పైన చెప్పిన 1990 పరిశోధనలోనే, ఒకే గడ్డ ఉన్నవారికి ఆపరేషను చేసి తరువాత కరెంటు పెడితే సగటున 40 వారాలు, కరెంటు మాత్రమే పెడితే 15 వారాలు బ్రతికారు. ఇది ముప్పై ఏళ్ల కిందటి మాట. ఆ తరువాత గడ్డ మీదనే గురిపెట్టి ఒకటి నుంచి అయిదు సార్లలో కరెంటు పెట్టే యంత్రాలు వచ్చాయి, మెదడులోకి వెళ్లే మాత్రలు వచ్చాయి. గడ్డలు ఎన్ని, మిగతా శరీరంలో జబ్బు అదుపులో ఉందా, మనిషి లేచి తిరుగుతున్నారా, క్యాన్సర్ ఏ రకం అన్న నాలుగు సంగతుల మీద ఫలితం ఆధారపడుతుంది. కొందరికి వైద్యం కంటే బాధ తగ్గించే సేవే మేలు. అది కూడా వైద్యమే. ఏమీ చేయలేమని చేతులెత్తేయడం కాదు.

రాజమండ్రి, కాకినాడ పరిసరాల్లో క్యాన్సర్ వైద్యం, కరెంటు వైద్యం ఇప్పుడు దొరుకుతున్నాయి. విశాఖపట్నం అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషను, కీమో, కరెంటు వైద్యాలు ఉన్నాయి. కొత్త మాత్రలన్నీ అందులో రావు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి, ఆ తరువాతే పొలం అమ్మే మాట ఆలోచించండి.

మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ మాత్రలతో రెండు రోజుల్లో తలనొప్పి తగ్గి, మనిషి లేచి కూర్చుంటారు. జబ్బు పోయిందని ఒక్కసారిగా మానేస్తారు. అలా చేయకూడదు, వైద్యులు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. అన్నం తిన్నాకే వేసుకోవాలి. షుగరు ఉన్నవారికి ఈ మాత్రలతో బాగా పెరుగుతుంది, పరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

ఇంట్లో ఫిట్స్ వస్తే తాళంచెవులు చేతిలో పెట్టవద్దు, ఉల్లిపాయ వాసన చూపవద్దు, పళ్ల మధ్య చెంచా దూర్చవద్దు, నీళ్లు పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర బట్టలు వదులు చేసి, గడియారం చూడండి. అయిదు నిముషాలు దాటినా, ఒకదాని వెంట ఒకటి వస్తున్నా 108కి ఫోను చేయండి. బయలుదేరేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, స్కానింగు ఫిల్ములు, బీరువాలో ఉన్న ఆ ముక్క పరీక్ష కాగితం ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని రండి.